చదివింపుల స్కానరు

ఫోను వణికినప్పుడు రిషిత చేతుల నిండా సీతాఫలం గుజ్జు ఉంది. రఘునాథపల్లిలో బస్సు ఆగితే కిటికీలోంచి కొన్న పండు, ఒళ్లో పెట్టుకోగానే దానంతటదే రెండుగా విచ్చుకుంది. సగం తనకు, సగం పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డ అజిత్‌కు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి సీట్లన్నీ ఆడవాళ్లవే అయ్యాయి, టికెట్ కొన్నవాళ్లు నిలబడ్డారు. "పైసలు గట్టి నిలవడుడు, ఫ్రీగ కూసునుడు. గిదేం న్యాయం?" అని అజిత్ జనగామ బస్టాండులోనే మూతి ముడిచాడు. "నా ఒళ్లె కూసుంటవా బావా?" అని ఆమె మెల్లగానే అంది కానీ వెనక సీటు ముసలమ్మ విని దగ్గింది, అజిత్ చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లయి మూడో నెల నడుస్తున్నా ఆ చెవులు ఎర్రబడటం ఆమెకు ఇంకా పండగే. ఇప్పుడు ఫోను తెరుద్దామంటే గుజ్జు అంటిన వేలిని అది గుర్తుపట్టలేదు. చివరికి ముక్కు కొనతో నంబర్లు నొక్కింది. పక్కామె నోరు తెరిచి చూసింది. తెర మీద రెండే వరుసలు. ప్రియమైన ఖాతాదారు, మీ ఖాతాపై విధించిన నిలుపుదల తొలగించబడినది.

"బావా! తెరుచుకుంది!"

"ఏంది, పండా?"

"అకౌంటు!"

సగం బస్సు తిరిగి చూసింది. అజిత్ నవ్వాడు, పెదవి కింద ఒక నల్ల గింజ అతుక్కుని ఉంది. "నేను జెప్పలే, సాయంత్రం లోపల అయితదని?" అన్నాడు. ఎప్పుడు చెప్పాడు? చెప్పే ఉంటాడులే. ఆమె కొంగుకు వేళ్లు తుడుచుకుంది, చీర పాడవుతుందన్న ఆలోచన కూడా రాలేదు. తలలో అప్పటికే భూపాలపల్లిలో అద్దెకు చూసుకున్న ఆ రెండు గదులు తలుపులు తెరుచుకుని నిలబడ్డాయి. వంటింటి కిటికీకి నీలం రంగు, వెనక రెండు మంచాలు పట్టేంత జాగా, అక్కడ దండెం, దండెం మీద అతని చొక్కా, తన చీర, ఇంకెవ్వరివీ కావు. ఇంటావిడ ఈ రాత్రి వరకే ఆగుతానంది, అడ్వాన్సు అందకపోతే గని ఉద్యోగి ఒకాయన చేతికి తాళం ఇచ్చేస్తుంది. ఇక అందకపోవడమేముంది? జనగామ బడిలో మూడేళ్లు పాఠాలు చెప్పి దాచుకున్న జీతం, పెళ్లిలో వచ్చిన చదివింపులు, అన్నీ ఆ అకౌంటులోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ కళ్లకు కనిపిస్తూ, చేతికి అందకుండా. ఆమె ఇంటావిడ నంబరు తెరిచింది, అడ్వాన్సు మొత్తం నొక్కింది, ఇక ఆకుపచ్చ బొత్తాం ఒక్కటే మిగిలింది, బస్సు కుదుపుకు వేలు పక్కకు జారింది.

జారిన వేలి కొసన తడి తగిలింది. ఆ తడికి ఇందాకటి జనగామ బ్యాంకు గుర్తొచ్చింది. నోట్లు లెక్కపెట్టేవాళ్లు వేలు తడుపుకునే ఆ స్పాంజి డబ్బా, అందులో బూడిద రంగు నీళ్లు, ఎన్ని వేళ్లు మునిగాయో. మేనేజరు బిస్కెట్ చాయ్‌లో ముంచాడు, అది మెత్తబడి సగం విరిగి లోపలే పడిపోయింది, ఆయన స్పూను అడగకుండా వేలు పెట్టి తీసి తిన్నాడు. తిని, ఆ వేలితోనే రిషిత ఆధార్ జిరాక్సు తిప్పాడు. "మీరు చదువుకున్నవాళ్లమ్మా, మీలాంటి కస్టమర్లంటే మాకు ఎంతో గౌరవం" అన్నాడు. రెండు నెలల క్రితం ఇదే మనిషి తల ఎత్తలేదు. అప్పుడు కుర్చీ చూపించలేదు, ఇవ్వాళ చాయ్ తెప్పించాడు. తాగకపోతే బాగుండదని తాగింది. మీగడ పెదవికి అంటుకుంటే నాలుకతో తీసేసింది కానీ ఆ రుచి ఇంకా గొంతులోనే ఉంది, సీతాఫలం కిందుగా, పాచిగా. పోనీలే, తెరిచాడు కదా. "మీరు కూడా మా మీద పెట్టిన ఆ అంబుడ్స్‌మన్ ఫిర్యాదు రేపటికల్లా వెనక్కి తీసేసుకోండి, ఇద్దరికీ మంచిది" అన్నాడు. ఇద్దరికీ అంటే ఎవరెవరికి?

కిటికీ బయట పత్తి నింపిన డీసీఎం లారీ ఒకటి బస్సుతో పోటీగా పోతోంది, ముళ్లకంపల మీద తెల్లటి పీచులు వేలాడుతున్నాయి. తెలుపు చూస్తే పెళ్లి పందిరి. పుట్టినూరు పెద్దవంగరలో శ్రావణమాసం పెళ్లి, బయట వాన, లోపల చదివింపుల బల్ల. బల్ల మీద ఇత్తడి పళ్లెం, పళ్లెంలో పసుపు కాగితం అంటించిన స్కానరు, ఆమె అకౌంటుదే. ఆ ఆలోచనా ఆమెదే. చిన్నాయన కూతురి పెళ్లిలో చదివింపుల సంచి మాయమై ఇంటిల్లిపాదీ ఒకరినొకరు అనుమానించుకున్నారు, ఏడాది దాకా పలకరింపులు లేవు. అందుకే తన పెళ్లికి సంచీ వద్దు, నోటూ వద్దు, అందరూ ఫోనుతోనే కొట్టాలి అని పట్టుబట్టింది. మైకు దగ్గర కొండల్. ఊళ్లో ఏ పెళ్లయినా చదివింపులు చదివేది అతనే, పేరుకు ముందు ఒక తోక తగిలించనిదే చదవడు. "మోటర్ల మల్లయ్య, అయిదు వందల పదహార్లు! పోయిన పెండ్లికి రాలే, ఈ పెండ్లికి అచ్చిండు!" అని అరిస్తే పందిరంతా నవ్వు. ఫోను లేని పెద్దవాళ్లకు మాత్రం ఏం చేయాలో తోచలేదు. మైకులో పేరు రాకుండా బువ్వకు కూర్చోవడం ఎట్లా? నోట్లు పట్టుకుని వరసలో నిలబడి, ముందున్న వాడెవడైతే వాడి చేతిలో పెట్టారు, "ఇంద కొడుకా, నీ ఫోన్ల కొట్టు, నా పేరు చెప్పు" అని. నోట్లు ఒక చేతికి, మైకులో పేరు ఒకరిది, ఫోనులో పేరు ఇంకొకరిది. అప్పుడు అందరికీ అది ఎంత ముచ్చటగా అనిపించిందో.

"మిషన్ మార్తమ్మ, పదకొండు వందల పదహార్లు! పిల్ల జాకిట్లన్నీ ఈమెయే కుట్టింది, మూతి మాత్రం కుట్టలే!" అని కొండల్ చదివినప్పుడు రిషిత పీటల మీదే పడీపడీ నవ్వింది. మార్తమ్మ తమ వీధి చివర కుట్టుమిషన్ పెట్టుకున్న మనిషి, రిషిత లంగాజాకెట్ నుంచి పెళ్లి జాకెట్ దాకా ఆమె చేతి కుట్టే. ప్రతి జాకెట్ లోపల రెండు వేళ్ల బట్ట వదిలేస్తుంది. "పెండ్లైనంక ఒళ్లు చేస్తవు బిడ్డా, అప్పుడు కుట్లిప్పుకో, నన్ను యాది జేస్కో" అనేది. ఆ రోజు ఆమె చేతిలోని నోట్లు తీసుకుని ఫోనులో కొట్టినవాడు వీడియోవాళ్ల వెంట వచ్చిన ఎవరో పిలగాడు. ఎవరికీ ఊరు తెలియదు, పేరు తెలియదు. నోట్లు జేబులో పెట్టుకున్నాడు, తన ఫోనులోంచి పదకొండు వందల పదహార్లు పంపాడు. ఆ ఫోనులోని డబ్బు ఎక్కడో ఏ రాష్ట్రంలోనో ఎవరినో మోసం చేసి కొల్లగొట్టిన డబ్బట. అక్కడి పోలీసులు ఆ డబ్బు ఎక్కడెక్కడికి పారిందో వెతుక్కుంటూ వచ్చారు. వచ్చి, పసుపు కాగితం అంటించిన స్కానరు దగ్గర ఆగారు. పదకొండు వందల పదహార్లు ఆపమన్నారట. బ్యాంకు మొత్తం అకౌంటు ఆపేసింది. అంత సులువు. అత్తగారింట్లో మొదటి శుక్రవారం పూల కోసం అంగడికి పోయి, రెండు మూరల మల్లెలకు ఫోను చూపిస్తే, అవ్వలేదు. పూలామె మల్లెలు వెనక్కి తీసుకుని నీళ్లు చల్లుకుంది.

అప్పుడు ఈ మేనేజరు అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద ఏదో పాకినట్టు ఉంటుంది. చదివింపులు ఇచ్చిన ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఈ డబ్బు మీకు ఎక్కడిదో రాసి సంతకం పెట్టి ఇవ్వండి అని అడిగి తీసుకురమ్మన్నాడు. మేనత్త దగ్గరికి పోయి, అత్తా, నీ అయిదు వందల పదహార్లు ఎక్కడివి? బడిలో తనతో పాఠాలు చెప్పిన వాళ్ల దగ్గరికి పోయి, టీచర్, మీ రెండు వందలు మంచివేనా? అక్షింతలు వేసిన చేతులను వాసన చూసి రమ్మన్నట్టు. చదివింపు అంటే అప్పు కాదు, ఆదాయమూ కాదు, రేపు వాళ్లింట్లో పెళ్లయితే తానూ పోయి బల్ల ముందు నిలబడాలి, అంతే. ఇది ఆ గాజు అర లోపల ఎవరికి అర్థమవుతుంది? బతుకమ్మకు మొదటిసారి పుట్టింటికి పోయినప్పుడు, మూడేళ్లు జీతం తీసుకున్న పిల్ల, బస్టాండులో గాజుల కోసం మొగుని జేబు వైపు చూసింది. అతను సంతోషంగా ఇచ్చాడు, అదే ఇంకా ముల్లయింది. అప్పుడే మానుకోటకు ఫోను చేసింది. డిగ్రీలో పక్క బెంచీ కరుణ, ఇప్పుడు అక్కడి కోర్టులో వకీలు. "ఏడుస్తవెందుకే? ముందు బ్యాంకుకే రాతపూర్వకంగ ఇయ్యి. అనుమానమున్న పైసలే ఆపున్రి, నా జీతమెందుకు ఆపుతరని అడుగు. నెల చూడు. పలకకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు పెట్టు, ఫీజు లేదు, నేను గూడ అక్కర్లేదు. దానికీ కాకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది, హైకోర్టు ఉంది" అంది కరుణ. రిషిత ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. నెల చూసింది, వాళ్లు పలకలేదు. అంబుడ్స్‌మన్‌కు పెట్టింది. పోయిన వారం దాకా మేనేజరు కటువుగానే ఉన్నాడు. ఇవ్వాళ చాయ్.

పోయిన వారానికీ ఇవ్వాళ్టికీ మధ్య ఏమైంది మరి? చట్టానికి భయపడ్డాడేమో. తాను రాసిన ఫిర్యాదుకు భయపడ్డాడని అనుకుంటే భుజాలు కొంచెం పైకి లేచాయి. ఆమె మళ్లీ ఇంటావిడ నంబరు తెరిచింది, మొత్తం అలాగే ఉంది, ఆకుపచ్చ బొత్తాం అలాగే ఉంది. దాని మీదికి మార్తమ్మ పేరు వచ్చి కూర్చుంది. ఫోను మోగుతోంది.

"బిడ్డా, మంచిగున్నవా? జాకిట్లు సరిపోతున్నయా, పిగిలినయా?"

"ఇంకా పిగల్లే అవ్వా," అని నవ్వింది రిషిత.

"అల్లుడు సరిగ తిండి పెడ్తలేడు అయితే. సరే గని, ఒకటడుగుత. నా అకౌంటుకేదో రోగం తలిగింది. అందరు మిషన్ మీది స్కానరుకే కొడుతున్రు, పైసలు లోపలికి పోతున్నయి, బయటికి రాట్లే. క్రిస్మస్ బట్టలు మొదలైనయి, దారాలు దేవాలె, లైనింగు దేవాలె. మన ఊరి బ్రాంచిల అడిగితే, పైనుంచి బంద్ పెట్టిన్రు, జనగామకెల్లి అచ్చింది అన్నడు. పైన అంటే ఎవరు బిడ్డా? నేను పైనున్న ప్రభువుకు తప్ప ఎవ్వరికి బాకీ లేను."

"ఎప్పటిసంది అవ్వా?"

"మొన్న ఆదివారం చర్చిల కానుక ఎయ్యబోయిన, పడలే. సిగ్గయింది పో. నువ్వు సదువుకున్నదానివి, జర సూడు."

"చూస్త," అంది రిషిత. "నేను మళ్ల చేస్త." అని పెట్టేసింది. జనగామకెల్లి. మార్తమ్మకు జనగామతో ఏం పని? ఆమె ఎన్నడూ అక్కడి బ్యాంకు మెట్లు ఎక్కలేదు, ఆమె పేరు ఆ గాజు అరలోకి ఎట్లా పోయింది? ఆ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? కొండల్ చదివిన పేర్లు గాలిలో పోయాయి. వీడియోవాళ్ల పిలగాడి సంగతి తెలిసింది తనకు, తాను చెప్పినవాళ్లకు. తాను చెప్పింది ఒక్కరికే. అకౌంటు ఆగిన కొత్తలో, మిద్దె మీద పడుకుని చుక్కలు చూస్తూ, ఇద్దరూ పళ్లికిలించి నవ్వుకోవడానికి, మార్తమ్మ నోట్లను కొంగులోంచి ఎలా విప్పిందో, ఆ పిలగాడి గడ్డం పట్టుకుని "నా పేరు గట్టిగ చెప్పు కొడుకా" అని ఎలా అందో, గొంతు మార్చి చేసి చూపించింది. అతను ఎంత నవ్వాడు. ఆ నవ్వు మీద ప్రేమతో మళ్లీ చేసి చూపించింది. నేను జెప్పలే, సాయంత్రం లోపల అయితదని?

ఆమె తల ఎత్తి అతని వైపు చూసింది. గింజ ఇంకా పెదవి కిందే ఉంది.

"బావా, మేనేజర్‌కు మార్తమ్మ పేరు ఎవరు చెప్పిన్రు?"

అజిత్ కమ్మీ పట్టిన చేయి మార్చాడు. కిటికీ వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. అబద్ధం ఆడటం రాని మొహం, అది చూసే కదా సంబంధం ఒప్పుకుంది.

"నేనే. పోయిన వారం ఫోన్ చేసిన. ఒక్క పేరు చెప్పున్రి, ఫైలు అటు మలిపి మీది తెరుస్త అన్నడు. నువ్వు ఇల్లు ఇల్లు అని రోజూ కలవరిస్తున్నవ్. నాకు పానం ఆగలే రిషీ."

"ఆమెది బంద్ పెడతరని తెల్వదా?"

"తెలుసు గని... ఆమె అకౌంట్ల ఏముంటది అనుకున్న. మళ్ల మెల్లగ తెరుస్తరు తియ్యి."

ఆమె అకౌంటులో ఏముంటుంది. బస్సు గేరు మారింది, అందరి తలలూ ఒకేసారి ముందుకు ఊగాయి. అరచేతులు ఎండి బంకగా అతుక్కుపోతున్నాయి, విప్పితే చర్మం సాగుతోంది. కొంగుకు తుడిచినా పోని తీపి, ఇప్పుడది తీపి వాసన కాదు, పులిసిన వాసన. ఒక వాకిట్లో చెత్తను పక్క వాకిట్లోకి నెట్టి, ఊడ్చేశామని చీపురు దులుపుకున్నారు. ఆ వాకిలి చిన్నదని నెట్టారు. పెద్ద వాకిలి అయితే నెట్టేవాళ్లా? ఇంట్లో మార్తమ్మకు ఎప్పుడూ అరుగు మీదే చాయ్, గ్లాసు వేరే, అది ఆమే కడిగి బోర్లించి పోయేది. చిన్నప్పుడు ఆ గ్లాసులో నీళ్లు తాగితే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ గ్లాసే ఇప్పుడు బ్యాంకు రూపంలో వచ్చింది, అజిత్ మాటలో వచ్చింది. అతను చెడ్డవాడైతే ఎంత బాగుండేది! చెవులు ఎర్రబడే మనిషి, గాజులకు డబ్బులిచ్చి ఎంతైందో అడగని మనిషి, తన కోసమే ఈ పని చేశాడు. ప్రేమతో చేశాడు. ఆ ప్రేమ కూడా ఇప్పుడు మేనేజరు వేలితో తీసిన బిస్కెట్ ముద్దలా కనిపించింది. అంతకన్నా ముందు తన గొంతు, మిద్దె మీద మార్తమ్మలా మార్చిన తన గొంతు. అది ఎవరూ ఆమె నోట్లో పెట్టలేదు.

సరే, పేరు నిజమే అనుకుందాం. ఆమె ఇచ్చినవి కొంగులోని నోట్లు. మోసం డబ్బు వచ్చింది ఆ పిలగాడి ఫోనులోంచి. ఆమె అకౌంటు నుంచి ఒక్క రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు. ఏ పోలీసు అడగకుండానే, ఒక పెళ్లికూతురి మొగుడు ఫోనులో అన్న మాటకు, ఒక దర్జీ మనిషి కూడబెట్టుకున్నదంతా ఆపేశారు. దీన్ని ఫిర్యాదులో ఎట్లా రాయాలో ఆమె మనసులో వాక్యాలు వాటంతటవే పేరుకుంటున్నాయి. రాయడం ఇప్పుడు ఆమెకు బాగా వచ్చు, ఆ మాత్రం నేర్పాడు మేనేజరు. కానీ రేపటికల్లా వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోకపోతే?

"ముందుగాల అడ్వాన్సు కొట్టు రిషీ," అన్నాడు అజిత్ వంగి, చెవి దగ్గర. "తర్వాత సూద్దాం. నువ్వు మళ్ల గెలికితే మళ్ల బంద్ పెడితే? ఇల్లు పోతది."

నీలం కిటికీ. దండెం. అతని చొక్కా, తన చీర. ఆకుపచ్చ బొత్తాం వెలుగుతూనే ఉంది, ఒక్క వేలు చాలు. డబ్బు తనదే, కష్టపడిందే, ఎవరూ కాదనరు. అయినా వేలు దాని మీదికి పోలేదు. ఆ స్పాంజి డబ్బాలో వేలు ముంచమన్నట్టు ఉంది. ఆమె ఆ అంకెలను ఒక్కొక్కటిగా చెరిపేసింది, తెర తెల్లగా అయ్యేదాకా.

"పోనీ," అంది.

అతని చెవులు మళ్లీ ఎర్రగా ఉన్నాయి, ఈసారి ఆమెకు పండగ కాలేదు. అయినా చేయి పైకి చాచి, అతని పెదవి కింది గింజను తీసి కిటికీలోంచి పడేసింది. వెనక సీటు ముసలమ్మ ఈసారి దగ్గలేదు.

"ఘన్‌పూర్, ఘన్‌పూర్! దిగేటోల్లు ముందుకు రావాలె!" అని కండక్టరు అరిచాడు.

రిషిత లేచి నిలబడింది. "లే బావా, దిగుదాం."

"నిలవడే ఉన్న గద. ఘన్‌పూర్ల ఏం పని? మన టికెట్ హన్మకొండ దాకా ఉంది."

"నీ టికెట్. నాది ఎక్కడికైనా ఫ్రీ. ఇక్కడికెల్లి పాలకుర్తి బస్సు ఎక్కి, రాత్రి వరకు పెద్దవంగర పోదాం."

"రేపు నా డ్యూటీ?"

ఆమె అప్పటికే దిగుతోంది. మెట్ల మీదే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది, బంక అంటిన వేళ్లకు అది అతుక్కుపోయి జారలేదు. కరుణకు రెండు మాటల్లో చెప్పింది. ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థలో వకీలును ఉచితంగానే పెడతారు, మార్తమ్మను తీసుకుని రా, నీ ఫిర్యాదు మాత్రం ముట్టుకోకు, దానికి ఇది జోడిద్దాం అంది కరుణ. తర్వాత మార్తమ్మకు కలిపింది. అవతల మిషన్ చప్పుడు వినిపించింది, రెండు మూడు పోట్లు పడి ఆగింది. అజిత్ సంచులు రెండూ మోసుకుని వెనకే దిగాడు, దుమ్ములో నిలబడి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. అతని మీది నుంచి చూపు తిప్పకుండానే ఆమె ఫోనులోకి గట్టిగా అంది, బస్టాండులో అందరికీ వినబడేలా, కొండల్ మైకులో చదివినట్టు.

"రేపు మొదటి బస్సుకు మానుకోట కోర్టుకు పోతున్నం అవ్వా. నువ్వు, నేను, మీ అల్లుడు. మిషన్ మీద గుడ్డ గప్పి తయారుండు. బస్సుల నీకూ నాకూ సీటే. ఆయన నిలవడతడు. నిలవడి, నీకొక మాట చెప్తడు."